డెస్క్‌టాప్ కొనే ముందు: మీ పని, మీ ఇంటి కరెంటు, ఆ తర్వాతే ప్రాసెసర్

తమ్ముడూ, మీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావడానికి రెండు ముక్కల్లో చెప్తాను. మీది మలికిపురం దగ్గర ఊరు. ఇంట్లో ముగ్గురికీ కలిపి ఒకే సిస్టమ్ కావాలి. నాన్నగారికి రొయ్యల మేత దుకాణం లెక్కలు, టాలీలో. చెల్లి బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు, రోజూ కాలేజీ బస్సులో వెళ్ళొస్తుంది. మీరు పెళ్ళిళ్ళకి ఫొటోలు, వీడియోలు తీసి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు. బడ్జెట్ 45 వేలు. ఒక షాపులో "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ డిస్క్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 22 అంగుళాల మానిటర్, అన్నీ కలిపి 27 వేలు" అన్నారు. తీసుకోమంటారా అని అడిగారు.

తీసుకోవద్దు. ఎందుకో వివరంగా చెప్తాను. నేను ఇరవై రెండేళ్ళుగా పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తూ, బాగుచేస్తూ ఉన్నాను. ఈ 27 వేల ఐ7 లాంటివి నా బల్ల మీదకి చాలా వచ్చాయి.

ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఐ7 అనేది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో తాతా ఐ7యే, మనవడూ ఐ7యే. మొదటి ఐ7 వచ్చింది 2008లో. అందుకని ఇంటిపేరు వదిలేసి పక్కనున్న నంబరు చూడాలి. ఐ7-3770 అని ఉంటే అది మూడో తరం, 2012లో వచ్చింది. ఐ3-12100 అని ఉంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. పేరుకి ఐ3 అయినా ఆ ఐ7 కంటే దాదాపు రెట్టింపు పని చేస్తుంది. పధ్నాలుగో తరం దాకా ఇదే లెక్క. ఆ తర్వాత కంపెనీ వాళ్ళు పేరు మార్చి కోర్ అల్ట్రా అని పెట్టారు.

మానిటర్‌తో కలిపి 27 వేలకి ఐ7 అంటే, నేను విప్పి చూసిన ప్రతిసారీ అది రెండో తరమో మూడో తరమో అయింది. బోర్డు కొత్తది, పెట్టె కొత్తది, ముందువైపు రంగురంగుల లైట్లు కూడా ఉంటాయి. లోపల చిప్ మాత్రం ఎక్కడో ఆఫీసులో పదేళ్ళు పనిచేసి వచ్చినది. దానికి పట్టేది డీడీఆర్3 ర్యామ్. అది పాత రకం, రేపు కొత్త సిస్టమ్ కొంటే అందులోకి మార్చుకోలేరు. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు అని చెప్పేది ఎక్కువగా జీటీ 730 అయి ఉంటుంది. అది 2014 నాటిది. ఇప్పటి ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్ లోపలే ఉండే గ్రాఫిక్స్ దానికంటే మెరుగు.

ఇంకో చిక్కు కూడా ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 2026 అక్టోబరు వరకు పొడిగింపు ఒకటి ఇచ్చారు గానీ అది తాత్కాలికం. విండోస్ 11 అధికారికంగా పనిచేయాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, రైజెన్‌లో 2000 సిరీస్ నుంచి పైన ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. పాత వాటిలో అడ్డదారిన ఎక్కించి ఇస్తారు. నడుస్తుంది కూడా. కానీ రేపు ఒక పెద్ద అప్‌డేట్ దగ్గర ఆగిపోతే, అదే డిస్కులో మీ నాన్నగారి మూడేళ్ళ ఖాతాలుంటే, ఆ టెన్షన్ ఎవరు పడాలి?

షాపులో అనుమానం తీర్చుకోవడం తేలిక. సిస్టమ్ ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన పూర్తి పేరు కనపడుతుంది. దాని కిందే మెమరీ నొక్కితే ర్యామ్ ఎంతో, ఎన్ని స్లాట్లు వాడారో ఉంటుంది. ఫొటో తీసుకుని, ఇదే నంబరు బిల్లు మీద రాసిమ్మని అడగండి.

ఇప్పుడు మీ ముగ్గురి పనుల సంగతి చూద్దాం.

నాన్నగారి టాలీకి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. ఒక దుకాణం లెక్కలకి మామూలు ఐ3 చాలా ఎక్కువ. ఆయనకి కావలసింది వేగం కాదు, పొద్దున్న స్విచ్ వేస్తే తెరుచుకోవడం, రాసింది పోకుండా ఉండటం. చెల్లి రాసే జావా, పైథాన్ ప్రోగ్రాములకి కూడా పెద్ద బరువేం లేదు. ఆండ్రాయిడ్ స్టూడియో మొదలుపెడితే మాత్రం 8 జీబీ ర్యామ్‌తో ఈడ్చుకుంటూ వెళ్తుంది, 16 ఉంటే హాయి. మెషిన్ లెర్నింగ్ కోసం గ్రాఫిక్స్ కార్డు కావాలని ఎవరైనా చెప్తే ఇప్పుడే కొనకండి. నేర్చుకునే దశకి గూగుల్ కంప్యూటర్ల మీదే ప్రోగ్రాములు నడుపుకునే గూగుల్ కోలాబ్ ఉచితంగా సరిపోతుంది.

బరువంతా మీ పనిలోనే ఉంది. ఒక లెక్క చెప్తాను. 12×36 ఆల్బమ్ షీటు 300 డీపీఐలో తెరిస్తే అది 3,600 × 10,800 పిక్సెళ్ళు. అంటే సుమారు 3 కోట్ల 89 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకి మూడు బైట్లు. ఫొటోషాప్‌లో షీటంతా నిండిన ఒక్క లేయరే 110 ఎంబీ దాటుతుంది. వెనక డిజైను, దాని మీద నాలుగు ఫొటోలు, పైన పూల అంచు, వెలుతురు దిద్దుకున్న లేయర్లు, వెనక్కి వెళ్ళడానికి దాచుకునే హిస్టరీ, ఇవన్నీ కలిస్తే ఒక్క షీటుకే జీబీలు పడతాయి. పక్కన క్రోమ్‌లో పాటలు, ఇంకో కిటికీలో క్లయింటు పంపిన వాట్సాప్ ఫొటోలు తెరిచి ఉంటాయి కదా. 8 జీబీ అయితే ర్యామ్ నిండిపోయి డిస్కు మీద పడుతుంది. సిస్టమ్ స్లో అయిందని మీరు ప్రాసెసర్‌ని తిడతారు. అందుకే మీకు 16 జీబీ ఉండాల్సిందే. దాన్ని 8, 8 చొప్పున రెండు ముక్కలుగా వేయించండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు రెండు ముక్కల ర్యామ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్‌కి బలం వస్తుంది.

ప్రాసెసర్ విషయంలో నా సలహా ఐ5-12400. ఆరు కోర్లు. డబ్బు చాలకపోతే ఐ3-12100. రెండింటిలోనూ చివర ఎఫ్ అక్షరం లేనిదే తీసుకోండి. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, మానిటర్‌కి బొమ్మ రావడానికే వేరే కార్డు కొనాల్సి వస్తుంది. పైగా ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అని వీడియో పనికే ఉద్దేశించిన భాగం ఉంటుంది. మీ కెమెరా ఇచ్చే హెచ్.264, హెచ్.265 ఫైళ్ళు టైమ్‌లైన్ మీద తడబడకుండా కదలడానికి అది బాగా సాయం చేస్తుంది. 4కే వీడియో అయితే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి కాపీలు, చేసుకుని ఎడిట్ చేయండి. గ్రాఫిక్స్ కార్డు తర్వాత సంగతి, రెండు పెళ్ళి సీజన్లు గడిచాక చూసుకోవచ్చు. రైజెన్ 5 5600జీ దొరికితే అదీ మంచిదే, ఆల్బమ్ పనికి ఏ లోటూ ఉండదు. వీడియో ఎక్కువ చేస్తున్నారు కాబట్టి ఇంటెల్ చెప్పాను.

డిస్కు: 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకి 150 ఎంబీ చదవడమే గొప్ప. ఎన్‌వీఎంఈ సునాయాసంగా రెండు మూడు వేలు దాటుతుంది. విండోస్, ఫొటోషాప్, ఇప్పుడు చేస్తున్న పెళ్ళి దాని మీద ఉండాలి. అయిపోయిన పెళ్ళిళ్ళు పెద్ద హార్డ్ డిస్క్ మీదకి మార్చాలి.

ధరలు విడివిడిగా ఎందుకు రాయడం లేదంటే, 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్‌లు ఎక్కువగా వెళ్ళిపోవడమే అసలు కారణం. ఈ వారం చెప్పిన రేటు వచ్చే వారం ఉండటం లేదు. మీ 45 వేలలో ఇవన్నీ పట్టకపోతే తగ్గించాల్సిన వరుస నా లెక్కలో ఇది: ముందు లైట్ల క్యాబినెట్ మానేయండి, తర్వాత ఐ5 బదులు ఐ3 తీసుకోండి, అప్పటికీ చాలకపోతే 8 జీబీ ఒకటే వేయించి రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోండి. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె), యూపీఎస్ (కరెంటు పోతే కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె) మాత్రం తగ్గించకండి. సాధారణంగా అందరూ ఆ రెండే ముందు తగ్గిస్తారు. మన డెల్టాలో సిస్టమ్‌లు పోయేది కూడా అక్కడే.

మొగల్తూరు వైపు ఒక మేత దుకాణం ఉంది. ఒక వానాకాలంలో వాళ్ళ సీపీయూ నాలుగుసార్లు నా దగ్గరకొచ్చింది. ప్రతిసారీ ఒకటే కంప్లయింటు, ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. మూత తీసి ర్యామ్ బయటికి లాగితే, అంచున బంగారు రంగులో మెరవాల్సిన గీతలు నల్లబడి ఉండేవి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు దులిపి పెడితే టక్కున ఆన్ అయ్యేది. మూడోసారి బోర్డు అంచున స్క్రూ దగ్గర ఆకుపచ్చ పొడి కనపడింది, రాగి చెంబుకి పట్టే చిలుములాంటిది. నాలుగోసారి ఎస్‌ఎంపీఎస్ పోయింది. ఇక ఇలా కాదని బండి వేసుకుని వాళ్ళ దుకాణానికే వెళ్ళాను.

దుకాణం వెనకే చెరువులు. సీపీయూ నేల మీద, చెరువుగట్టు వైపు కిటికీ కింద ఉంది. వెనకవైపు రెండు స్లాట్ల రేకు పట్టీలు లేవు, చేతివేలు దూరేంత సందు. పాడైన ఎస్‌ఎంపీఎస్ విప్పితే లోపల ఎండిపోయిన బల్లి, రెండు కాళ్ళు ఒక కెపాసిటర్ మీద, తోక ఇంకోవైపు. ప్లగ్గుకి మూడో పిన్ను తీసేసి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టారు. "ఎర్త్ వేయించారా?" అంటే, "ఆయ్, మీటరు పెట్టినప్పుడు వేయించిందేనండి" అన్నారు యజమాని. వెళ్ళి చూస్తే జీఐ పైపు నేలమట్టం దగ్గర తుప్పు పట్టి విరిగిపోయి ఉంది, వైరు గాల్లో వేలాడుతోంది. రాత్రిపూట చెరువుల్లో ప్రాణవాయువు తగ్గే వేళకి ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా వేస్తారు. అవన్నీ మోటార్లు. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న దుకాణంలో ఆ క్షణాన వోల్టేజీ దబ్బున పడి మళ్ళీ లేస్తుంది. స్విచ్ ఆపకుండా వెళ్ళిన సిస్టమ్ రోజూ ఆ దెబ్బ తింటోంది.

కొత్త ఎర్త్ వేయించి, సీపీయూని కిటికీ కింద నుంచి తీసి లోపలి గోడ దగ్గర బల్ల మీదకి చేర్చి, స్లాట్లకి పట్టీలు బిగించి, మంచి ఎస్‌ఎంపీఎస్ వేశాను. ఆ తర్వాత రెండేళ్ళ దాకా ఆ సీపీయూ నా బల్ల ఎక్కలేదు. మొదటిసారే వాళ్ళింటికి వెళ్ళి చూసి ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పటి నుంచి కొత్త సిస్టమ్ అడిగినవాళ్ళని ముందు అడిగేది, అది ఎక్కడ పెడతారని.

అందుకే మీరు కొనడానికి వెళ్ళే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ చూపించండి. మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వస్తుందో దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల కంటే ఎక్కువ ఉండకూడదు. క్యాబినెట్ రేకుకి చెయ్యి తగిలితే జివ్వుమనడం చాలామంది మామూలే అనుకుంటారు. అది మామూలు కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే కాస్త కరెంటు ఎర్త్‌లోకి పోయే దారి లేక రేకు మీద నిలబడుతోందని అర్థం. మనకి నీళ్ళు పైనే ఉంటాయి, నేల తడిగా ఉంటుంది, ఎర్త్ బాగా పట్టే నేల. కానీ సముద్రం దగ్గర ఉప్పుకి ఇనుప పైపు తొందరగా తుప్పు పడుతుంది. రెండేళ్ళకోసారి చూపించుకోవాలి.

ఎస్‌ఎంపీఎస్ విషయం: క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే దాని మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది, చేత్తో ఎత్తితే కొబ్బరి చిప్పలా తేలిగ్గా ఉంటుంది. అది వద్దు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) అని రాసి ఉన్నది, 450 లేదా 550 వాట్లది విడిగా కొనండి. మీ సిస్టమ్ మామూలుగా వాడేది 100, 150 వాట్లే, కాబట్టి వాట్లు ఎక్కువ కోసం కాదు, మంచి వస్తువు కోసం. చవకది పోతూ పోతూ బోర్డునీ డిస్కునీ కూడా తీసుకుపోతుంది.

యూపీఎస్: 600 వీఏది కొత్తలో మానిటర్‌తో కలిపి సిస్టమ్‌ని పది, పదిహేను నిమిషాలు నడుపుతుంది. పని సేవ్ చేసుకుని ఆపడానికి అది చాలు. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్ళే వస్తుంది, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి. మీ ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్‌దా (లైను కరెంటులా నునుపైన అల ఇచ్చేదా) కాదా చూడండి. సైన్ వేవ్‌ది అయితే వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అటు తిప్పితే కరెంటు పోయినప్పుడు సిస్టమ్ ఆగకుండా బ్యాటరీకి మారుతుంది. అప్పుడు విడిగా యూపీఎస్ కొనే డబ్బు ర్యామ్‌కి వస్తుంది. స్క్వేర్ వేవ్‌ది అయితే మంచి ఎస్‌ఎంపీఎస్‌లతో సరిగ్గా పడకపోవచ్చు, దాని మీద పెట్టకండి. ఉరుములప్పుడు ఏ యూపీఎస్‌నీ నమ్మకుండా ప్లగ్గూ, ఇంటర్నెట్ కేబులూ రెండూ పీకేయండి.

చెమ్మ గురించి ఒక్క మాట. ముసురు పట్టిన వారాల్లో సిస్టమ్‌ని గుడ్డ కప్పి మూలన పెడితేనే ఎక్కువ పాడవుతుంది. రోజూ ఓ గంట నడిస్తే లోపలి వేడికి అదే ఆరుతుంది. నడుస్తున్నప్పుడు మాత్రం గుడ్డ కప్పకండి. దగ్గర్లో కొబ్బరి పీచు పని గానీ రైసుమిల్లు గానీ ఉంటే ఆ నూగు ఫ్యాన్‌కి పట్టేస్తుంది, మూడు నెలలకోసారి బ్రష్‌తో దులపండి.

మానిటర్‌ని మీరు తేలిగ్గా తీసుకున్నారు. 24 అంగుళాలు, 1920×1080, పక్కనుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ (ప్రామాణిక రంగుల పరిధి) 99 శాతం అని రాసినది చూడండి. చవక ప్యానెల్ మీద తల కాస్త పక్కకి వంచితే రంగు మారిపోతుంది. మీరు స్క్రీన్ మీద దిద్దిన పెళ్ళికూతురి పట్టుచీర ఎరుపు, ల్యాబ్ నుంచి అచ్చయి వచ్చేసరికి ఇటుక రంగులోకి తిరిగితే ఆ ఆల్బమ్ మళ్ళీ వేయించేది మీ డబ్బుతోనే. 22 అంగుళాల మామూలుది తీసుకోవడం కంటే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగడమే మీకు లాభం.

డేటా సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. లంక గ్రామాల వాళ్ళకి చెప్పక్కర్లేదు, 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షల దగ్గర. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు మొత్తం సిస్టమ్ ఎత్తుకుని పోలేరు. టాలీ బ్యాకప్ రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి, వారానికోసారి గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్ళాలి, అది చాలా చిన్న ఫైలు. పెళ్ళి ఫొటోలు బయట పెట్టుకునే హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ ఉండాలి. ఆ డిస్కుని మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి, బీరువా పై అరలో పెట్టండి. విండోస్‌లో ముగ్గురికీ మూడు విడి యూజర్లు పెట్టండి. చెల్లి డౌన్‌లోడ్ చేసే ప్రాజెక్టు ఫైళ్ళూ నాన్నగారి ఖాతాలూ ఒకే చోట కలవకూడదు. టాలీ, విండోస్ రెండూ అసలైనవే వాడండి. క్రాక్ చేసినవాటితో వైరస్ వచ్చి ఖాతాలన్నీ తాళం పడిపోయిన దుకాణాలకి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఒకవేళ ఎలా చూసినా కొత్తది 45 వేలలో సర్దుకోకపోతే, రిఫర్బిష్డ్, అంటే వాడినవి బాగుచేసి అమ్మే ఆఫీసు డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. హైదరాబాదు కంపెనీల్లో లీజు తీరి వచ్చేవి. ఎనిమిదో తరం కంటే కిందకి దిగకుండా, పదో తరం దొరికితే మరీ మంచిది. షాపులో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో నడిపించి డిస్కు ఆరోగ్యం, ఎన్ని గంటలు నడిచిందో చూడండి. వీటిలో సన్నటి పెట్టెలకి రేపు మామూలు గ్రాఫిక్స్ కార్డు పట్టదు, చాలా వాటిలో ఎస్‌ఎంపీఎస్ కూడా వాళ్ళ సొంత తరహాది, పోతే బజార్లో దొరికేది సరిపోదు. అందుకని టవర్ సైజుదే అడగండి. 27 వేల "కొత్త" ఐ7 కంటే ఇది వంద రెట్లు నయం.

బిల్లు జీఎస్టీతో తీసుకోండి, కంప్యూటర్ మీద 18 శాతం. నాన్నగారి దుకాణానికి రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉండి, కొనేది దుకాణం పనికే అయితే, ఆ పేరు మీద తీసుకోవడం గురించి మీ ఆడిటర్‌ని అడగండి, ఆ పన్ను కలిసిరావచ్చు. బిల్లులో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ విడివిడిగా మోడల్ నంబర్లు, సీరియల్ నంబర్లతో ఉండాలి. వారంటీ ఒక్కో వస్తువుకి ఒక్కోలా ఉంటుంది. పెట్టెలో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్‌కి మూడేళ్ళు. ఖాళీ పెట్టెలన్నీ ఇంటికి తెచ్చుకోండి.

ఎర్త్ రీడింగు ఎంత వచ్చిందో, ఇన్వర్టర్ ఉంటే దాని మోడల్ ఏదో రాయండి. షాపువాళ్ళు కొటేషన్ ఇచ్చాక ఆ ఫొటో కూడా పెట్టండి, ఒక్కో వస్తువూ చూసి చెప్తాను.